రంగం రేవులో ఆ సోమవారం

1930 మే 26, సోమవారం. రంగూన్‌లో అప్పుడే తెల్లవారుతోంది. నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు పొడవునా రేవుల్లో ఓడలు సరుకు కోసం కాచుకుని ఉన్నాయి. దాదాపు మూడు వారాలుగా ఆ ఓడల వైపు కన్నెత్తి చూడని తెలుగు కూలీలు ఈ పొద్దు గుంపులు గుంపులుగా వస్తున్నారు. సమ్మె ముగిసింది. కూలి కొంచెం పెంచడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. మేస్త్రీలు ముందు నడుస్తుంటే వెనక జట్లు నడుస్తున్నాయి. చేతిలో పైసా లేక మూడు వారాలు గడిపిన మనుషులు వాళ్ళు. మళ్ళీ మూట నెత్తికెత్తుకోబోతున్నందుకు వాళ్ళ ముఖాల్లో వెలుగు ఉంది.

అదే రోడ్డు మీద ఇంకో వైపు నుంచి బర్మా కూలీలు వస్తున్నారు. వాళ్ళకిది కొత్త పని. తెలుగువాళ్ళు పని మానేశాక ఓడలు ఆగిపోతే కంపెనీలే వీళ్ళని పిలిచి మూటలు మోయించాయి. ఒళ్ళు హూనమైనా మొన్నటి దాకా మోశారు. సమ్మె తేలిపోయిందన్న కబురు వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. రోజూలాగే పనికి వచ్చారు.

"బావా, ఈళ్ళెందుకొచ్చినారు? పని మనకిచ్చేసినారు కదా."

"దొరలు సెప్పుంటారు లేరా. మనకేటి."

దొరలు చెప్పలేదు. రేవు గేటు దగ్గర రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. ఇవతలి వాళ్ళ మాట అవతలి వాళ్ళకి రాదు. అవతలి వాళ్ళ మాట ఇవతలి వాళ్ళకి రాదు. బర్మావాళ్ళకు అర్థమైంది ఒక్కటే: నిన్నటి దాకా తాము మోసిన మూటలు ఈ రోజు వేరేవాళ్ళ నెత్తిన ఉన్నాయి, తమని పొమ్మంటున్నారు. తెలుగువాళ్ళకు అర్థమైందీ ఒక్కటే: తమ పొట్ట కొట్టి తమ సమ్మెను విరవడానికి వచ్చినవాళ్ళు ఇంకా కదలకుండా నిలబడి ఉన్నారు. కేకలు లేచాయి. ఎగతాళి మాటలు దొర్లాయి. భాష రాకపోయినా ఎగతాళి తెలిసిపోతుంది. చేయి చేయి కలిసింది. పొద్దెక్కేసరికి రంగూన్ నగరం తగలబడినంత పనైంది.

పై మాటలు నేను కూర్చినవి. ఆ కూలీల పేర్లు ప్రభుత్వ కాగితాల్లో లేవు. జరిగిన సంగతి మాత్రం జరిగినట్టే చెబుతున్నాను.

ఆ తెలుగువాళ్ళు అక్కడికి ఎలా చేరారు? ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలివాళ్ళని అడిగితే "రంగం పోయినాడు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. 1824 నుంచి 1885 దాకా మూడు యుద్ధాలు చేసి ఇంగ్లీషువాళ్ళు బర్మా మొత్తాన్ని మింగేశారు. ఐరావతీ నది డెల్టాలో అడవులు కొట్టించి వరి వేయించారు. చూస్తుండగానే ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశమైంది బర్మా. వరి పండించడానికి బర్మా రైతు ఉన్నాడు. ఆ వడ్లు ఆడించడానికి, బస్తాలు మోయడానికి, ఓడలు నింపడానికి, రైలు కట్టలు వేయడానికి, ఊరు ఊడవడానికి మనిషి కావాలి. ఆ మనిషి చౌకగా కావాలి. ఆ చౌక మనిషి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో దొరికాడు.

కరువు, అప్పు, భూమి లేకపోవడం ఇక్కడ తోస్తుంటే, అక్కడి కూలి లాగింది. గోదావరి పాయ ఒడ్డున కోరంగి అని పాత ఓడరేవు ఉండేది. అక్కడి నుంచి వచ్చిన మొదటి తెలుగువాళ్ళని చూసి బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ కోరంగీలన్నారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులకి కోరంగి రేవు దెబ్బతిని మట్టిలో కలిసింది. తర్వాత కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి ఆవిరి ఓడలు నడిచాయి. శ్రీకాకుళం కూలీ అయినా, రాజమండ్రి కూలీ అయినా, రంగూన్‌లో దిగాక అందరూ కోరంగీలే.

బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు అక్కర్లేదు. ఓడ డెక్కు మీద చోటు దొరికితే చాలు. ఆ చోటుకు కావాల్సిన డబ్బు మేస్త్రీ ఇచ్చేవాడు. ఈ మేస్త్రీని అర్థం చేసుకోకపోతే రంగూన్ కథ అర్థం కాదు. ఊళ్ళోకి వచ్చి, ఇంట్లో పెద్దల చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, జట్టును కట్టుకుని ఓడ ఎక్కించేది అతనే. రంగూన్‌లో పడుకునే చోటు చూపించేదీ అతనే. తెల్ల కంపెనీ ఓడ పని కంట్రాక్టరుకి ఇస్తుంది, కంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి ఇస్తాడు, పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీకి ఇస్తాడు. కంపెనీ ఇచ్చిన రూపాయి ఇన్ని చేతులు దాటి కూలీ దగ్గరికి వచ్చేసరికి అణాలుగా మారేది. వచ్చిన ఆ అణాల్లోంచి అడ్వాన్సు కోత, వడ్డీ కోత, తిండి కోత. అప్పు తీరితే గాని ఇంటికి పోలేడు, ఇంటికి పోవాలంటే మళ్ళీ అప్పు చేయాలి.

1920ల చివర్లో ఏటా 3 లక్షల పైచిలుకు మంది భారతీయులు బర్మాలో దిగేవారు. వలస వచ్చేవాళ్ళ సంఖ్యలో రంగూన్‌ను న్యూయార్క్‌తో పోల్చేవారు. చాలామంది వడ్ల సీజనుకు వచ్చి తిరిగిపోయేవాళ్ళే. పెళ్ళాం బిడ్డలు ఇక్కడ, మగవాడు అక్కడ. రేవు, రైసు మిల్లు, రిక్షా, మునిసిపాలిటీ పాకీ పని, ఇవన్నీ తెలుగువాళ్ళవే. ఒక్క గదిలో పట్టనంత మంది పడుకునేవారు. ఒక షిఫ్టు వాళ్ళు లేచిపోతే ఇంకో షిఫ్టు వాళ్ళు అదే చాప మీద వాలేవారు. అదీ దొరకనివాళ్ళు పేవ్‌మెంటు మీద పడుకునేవారు. రంగూన్‌లో పనిచేసిన ఆండ్రూ అనే అధికారి 1933లో ఈ కూలీల బతుకు మీద ఒక పుస్తకమే రాశాడు. అంతకు ముందే 1930లో నారాయణరావు అనే తెలుగాయన మేస్త్రీ పద్ధతిని ఎండగడుతూ పుస్తకం వేశాడు. తెలియక జరిగిన ఘోరం కాదు ఇది. అందరికీ తెలుసు.

ఇప్పుడు బర్మావాళ్ళ వైపు నుంచి చూద్దాం. ఈ కథ చెప్పే మనవాళ్ళు చాలామంది ఈ పని చేయరు. చేయకపోతే అన్యాయం.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో 4 లక్షల మంది. అందులో 2 లక్షల 12 వేల మందికి పైగా భారతీయులు. బర్మీయులు మూడో వంతు కూడా లేరు. తమ దేశపు రాజధానిలో తామే తక్కువ. పోలీసు, ప్లీడరు, గుమస్తా, డాక్టరు, దర్వాను, వడ్డీ వ్యాపారి, ఎటు చూసినా సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళే. బజారులో మాట్లాడాలన్నా, రిక్షా పిలవాలన్నా హిందుస్తానీ రావాలి. టెలిఫోనులో మాట్లాడాలంటే ఇంగ్లీషో హిందుస్తానీయో వచ్చి ఉండాలి. బర్మా భాష ఒక్కటే వచ్చిన బర్మా మనిషి తన ఊళ్ళోనే మూగవాడయ్యాడు.

పల్లెల్లో కూడా నేల కాళ్ళ కింద నుంచి జారిపోతోంది. డెల్టాలో కొత్తగా కొట్టుకోవడానికి అడవి మిగల్లేదు. 1930లో ప్రపంచమంతా మాంద్యం ముసిరి వడ్ల ధర పడిపోయింది. వడ్డీ వ్యాపారం చేసే చెట్టియార్ల దగ్గర తాకట్టు పెట్టిన పొలాలు తిరిగి రాలేదు. దిగువ బర్మాలో 13 జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 1930లో 6 శాతం, 1937 నాటికి 25 శాతం. భూమి పోయిన రైతు పట్నానికి వస్తాడు. వస్తే రేవులో పని లేదు, మిల్లులో పని లేదు. పని ఇచ్చే మేస్త్రీ తన ఊరివాళ్ళకి, తన భాషవాళ్ళకి తప్ప ఇంకొకరికి ఇవ్వడు. ఇచ్చినా ఆ కూలితో పెళ్ళాం బిడ్డల్ని పోషించుకోలేడు. తెలుగు కూలీ ఒంటరిగా, చాప మీద పడుకుని, గంజి తాగి మిగిల్చిన డబ్బు అది. సొంత ఊళ్ళో సంసారం ఉన్నవాడు ఆ కూలికి బతకలేడు. కంపెనీకి లాభం ఆ తేడాలోనే ఉంది.

1930 మే 5. అదీ సోమవారమే. ఆ తెల్లవారుజామున దండి దగ్గర కరాడీ గ్రామంలో గాంధీజీని అరెస్టు చేశారు. అదే రోజు రాత్రి ఎనిమిది దాటాక బర్మాలోని పెగూ పట్టణం భూకంపానికి కుప్పకూలింది. అక్కడి శ్వేమోడో పగోడా శిఖరం నేలకు ఒరిగింది. పెగూలో 500 మంది దాకా చనిపోయారు. రంగూన్‌లోనూ ఇళ్ళు కూలి పదుల మంది పోయారు. భూమి ఇంకా అదురుతుండగానే రేవు కూలీలు సమ్మెకు దిగారు. సుమారు 2 వేల మంది. గాంధీజీ అరెస్టుకు నిరసనగా మొదలై కూలి పెంచమనే పట్టుగా మారిన సమ్మె అది. ఊళ్ళో అప్పు, కడుపులో ఆకలి, అయినా ఆ నిరక్షరాస్య కూలీలు పని ఆపేశారు. ఆ సంగతి మనం గర్వంగానే చెప్పుకోవాలి.

ఓడలు ఆగిపోయాయి. రోజుకు ఇంత అని నష్టం. కంపెనీలు బేరానికి రావాల్సింది. రాకుండా పట్నంలో పని లేక తిరుగుతున్న బర్మా కూలీల్ని పిలిచాయి. ఇన్నాళ్ళూ రేవు గేటు దాటనివ్వని మనుషుల్ని ఇప్పుడు రమ్మన్నాయి. వాళ్ళు వచ్చారు. రాక ఏం చేస్తారు? వాళ్ళకి అది సమ్మె విరవడం కాదు. తమ దేశపు రేవులో తమకి మొదటిసారి దొరికిన పని. కానీ ఆ మూటల పని ఒక నేర్పు. ఏళ్ళ తరబడి చేసిన తెలుగు జట్లతో సమానంగా వాళ్ళు చేయలేకపోయారు. ఓడలు ఆలస్యమయ్యాయి. మే నాలుగో వారంలో కంపెనీలు తెలుగువాళ్ళతో రాజీకి వచ్చాయి.

నా దృష్టిలో ఈ ఘోరానికంతటికీ ముడి ఇక్కడే ఉంది. రాజీకి వచ్చిన కంపెనీలు బర్మా కూలీల్ని ఏం చేయాలో ఆలోచించలేదు. వాళ్ళకి కొంత పని ఉంచుదామని అనుకోలేదు. కనీసం రేపటి నుంచి రావద్దని వాళ్ళ భాషలో చెప్పే ఒక్క మనిషిని పంపలేదు. వాడుకున్నారు, వదిలేశారు. పది మాటలతో ఆగిపోయే గొడవ ఆ పది మాటలు ఎవరూ చెప్పకపోవడం వల్ల సోమవారం పొద్దున గేటు దగ్గర పేలింది.

రేవులో మొదలైన కొట్లాట గంటల్లో వీధులకు పాకింది. బర్మావాళ్ళ పేటల్లో కబురు ఎలా చేరిందో అలా పెరిగింది. తెలుగువాళ్ళు మన ఆడవాళ్ళని కొట్టారట, మనవాళ్ళని చంపారట. చేతికి దా అనే బర్మా కత్తులు వచ్చాయి. తెలుగువాళ్ళ దగ్గర ఇనుప కడ్డీలు, కర్రలు. కానీ చాలామంది దగ్గర అవీ లేవు. రిక్షా లాగుతున్నవాడు రిక్షా దగ్గరే పడ్డాడు. కూలీల వసతి ఇళ్ళలో కింద తలుపులు బిగించుకుని పై అంతస్తుల్లో నక్కినవాళ్ళని మెట్లెక్కి మరీ వెతికారు. సమ్మెతో సంబంధం లేని మిల్లు కూలీలు, పాకీవాళ్ళు, ఎవరు కనపడితే వాళ్ళు. ముఖం చూస్తే కోరంగీ. అది చాలు.

అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ అనే ఐరిష్ మనిషి. ఆ రోజుల్లో తాను చూసినదంతా తర్వాత 1938లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. పోలీసులు చాలక సైన్యాన్ని దించారు. ఊరి అవతల పాత పిచ్చాసుపత్రి ఆవరణలోకి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన తెలుగువాళ్ళు సుమారు 7 వేల మంది. వాన కింద, చెట్ల కింద, ఖాళీ గదుల్లో. అరెస్టయిన మహాత్ముడి కోసం పని ఆపిన మనుషులు, మేస్త్రీ చెప్పిన రంగం సంపదని నమ్మి అడ్వాన్సు తీసుకున్న మనుషులు, పిచ్చివాళ్ళ కోసం కట్టిన గోడల మధ్య తలదాచుకున్నారు.

వాళ్ళు దాక్కున్నాక నగరానికి తెలిసొచ్చింది. రేవులు మూతపడ్డాయి. మిల్లుల పొగ గొట్టాలు ఆగాయి. రిక్షాలు లేవు. మరుగుదొడ్లు ఎత్తేవాళ్ళు లేక ఊరంతా కంపు కొట్టింది. మే నెల ఉక్కపోతలో అంటురోగాల భయం పట్టుకుంది. నిన్నటి దాకా ఎవరి కంటికీ ఆనని మనుషులు రోజుల తరబడి కనపడకపోయేసరికి పట్నం పట్నమే కాళ్ళు చేతులు పడిపోయినట్టయింది. ఇరువైపుల పెద్దలు కలిసి శాంతి కమిటీలు వేసి వీధులు తిరిగారు. మెల్లగా మంట చల్లారింది.

సర్కారు లెక్క ప్రకారం చనిపోయినవాళ్ళు 120 మంది, గాయపడ్డవాళ్ళు 900. చనిపోయినవాళ్ళు అంతకు రెట్టింపు పైనేనని మిగతా లెక్కలు చెబుతాయి. ఓడలు నడవడం మొదలుపెట్టగానే వేల మంది తెలుగువాళ్ళు డెక్కుల మీద కిక్కిరిసి ఇంటి దారి పట్టారు. విశాఖ, కాకినాడ రేవుల్లో దిగిన వాళ్ళ మూటల్లో రంగం సొమ్ము లేదు. ఆ తర్వాత రేవు పనిలో బర్మీయులకీ వాటా ఇచ్చారు. మే 25న ఇవ్వగలిగిన వాటా అది.

అల్లర్లు ఇంకా పూర్తిగా చల్లారకముందే, మే 30న, రంగూన్‌లో ఒక కరపత్రం వెలువడింది. రాసినవాడు బ థౌంగ్ అనే యువకుడు. బర్మా మన దేశం, బర్మా భాష మన భాష, బర్మా సాహిత్యం మన సాహిత్యం, వాటిని ప్రేమించు, పెంచు, గౌరవించు అన్నది అందులోని సారం. అక్కడి నుంచే "దో బమా", అంటే మన బర్మా, ఉద్యమం పుట్టింది. ఆంగ్ సాన్, ఊ ను వంటి నాయకులు ఆ ఉద్యమంలోంచే వచ్చారు. బర్మా స్వాతంత్ర్యానికి అది ఊపిరి పోసింది. ఆ కరపత్రంలో ఉన్న కోరిక తప్పు కాదు. మనం కూడా మన భాషకి రాష్ట్రం కావాలని అడిగినవాళ్ళమే. దాని కోసం 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు పేరే మన నెల్లూరు జిల్లాకి ఉంది. మన భాష మన ఊళ్ళో చెల్లాలని అనుకునే హక్కు మనకి ఎంత ఉందో బర్మావాడికీ అంతే ఉంది. ఆ హక్కు అడగడానికి ఎంచుకున్న గుమ్మమే తప్పు. టెలిఫోను భాషను నిర్ణయించింది రిక్షా కూలీ కాదు. భూమి తాకట్టు చట్టం రాసింది పాకీ మనిషి కాదు. ఆ నిర్ణయాలు చేసినవాళ్ళు స్ట్రాండ్ రోడ్డు మీద పెద్ద భవనాల్లో ఉన్నారు. వాళ్ళ అద్దం ఒక్కటీ పగల్లేదు.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941లో వలసలకు కళ్ళెం వేసే ఒప్పందం. అదే ఏడాది డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవుల్లో, వీధుల్లో చాలామంది పోయారు. ఓడల్లో చోటు దొరకని 4 లక్షల పైచిలుకు భారతీయులు కొండలు, అడవులు పట్టి కాలినడకన ఇండియా వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్ళు వేలల్లో. మిగిలినవాళ్ళలో కొందరు యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక సుమారు 3 లక్షల మంది మళ్ళీ తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు వాళ్ళ వల్లే వచ్చింది.

ఇలాంటి పట్నాలు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. అమెరికాలో ఫ్లోరిడా తీరాన మయామీ ఉంది. 1980 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా క్యూబాలోని మారియెల్ రేవు నుంచి 1 లక్ష 25 వేల మంది పడవల్లో ఫ్లోరిడాలో దిగారు. ఆ నవంబరులోనే మయామీ ఉన్న కౌంటీ, అంటే జిల్లా లాంటిది, ఓటర్లు ఇంగ్లీషు తప్ప ఇంకో భాషకి ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టకూడదని ఓటు వేశారు. 1973లో తనకి రెండు భాషలని గొప్పగా ప్రకటించుకున్న కౌంటీయే అది. కొత్తవాళ్ళ మీద భయం మొదట భాష మీదే పడింది. ఆ నియమాన్ని 1993లో కౌంటీ కమిషనర్లు ఓటు వేసి రద్దు చేశారు. మయామీకి పదమూడేళ్ళు పట్టింది. అయినా అక్కడ ఓటుతో తేల్చుకున్నారు, ఓటుతోనే దిద్దుకున్నారు. రంగూన్ కూలీలకి, తెలుగువాళ్ళకైనా బర్మావాళ్ళకైనా, ఓటు లేదు.

మా నెల్లూరు జిల్లా కొండాపురంలో కూర్చుని ఎప్పుడో తొంభై ఏళ్ళకు పైబడిన రంగూన్ గొడవ ఎందుకు తవ్వుతున్నావని ఎవరైనా అడగొచ్చు. మాది మెట్ట. వానొస్తే పంట, లేకపోతే బస్సు. ఉదయగిరి, వరికుంటపాడు, కలిగిరి, ఎటు పోయినా ఇంటికి తాళమేసి బెంగళూరుకో హైదరాబాదుకో మద్రాసుకో పోయినవాళ్ళు కనిపిస్తారు. కువైట్ పోయినవాళ్ళూ ఉన్నారు. కన్నడం రాక, తమిళం రాక, అరబ్బీ రాక అక్కడ మనవాళ్ళు పడే పాట్లు పండగకి వచ్చినప్పుడు చెబుతారు. మనవాళ్ళు ఇప్పటికీ ఎక్కడో కోరంగీలే.

ఇక్కడ మాత్రం మనం బర్మావాళ్ళ స్థానంలో ఉన్నాం. కృష్ణపట్నం రేవు వైపు పోతే ఒడిశా, బీహారు కూలీలు. రొయ్యల గుంటల దగ్గర, ఇటుక బట్టీల్లో, కొత్త కట్టడాల్లో ఎక్కడివాళ్ళో. వరి నాట్లకు బెంగాల్ నుంచి జట్లు దిగుతున్నాయి. ఎకరాకి ఇంత అని గుత్త. జట్టుకు ఒక మేస్త్రీ. డబ్బు అతని చేతికే. "వాళ్ళొచ్చాక మన ఆడవాళ్ళకి నాట్ల పని లేకుండా పోయింది" అనే మాట నేను టీ కొట్ల దగ్గర విన్నాను. ఆ మాటలో బాధ నిజం. దాన్ని తోసేయకూడదు. కూలి తగ్గించడానికి జట్టును పిలిచిన రైతును గాని, గుత్త కుదిర్చిన మేస్త్రీని గాని మనం అడగం. గట్టు మీద అన్నం తింటున్న బెంగాలీ పిల్లవాణ్ణి గుడ్లురిమి చూస్తాం. 1930లో రంగూన్‌లోనూ ఇలాగే మొదలైంది.

అంతర్రాష్ట్ర వలస కూలీల కోసం ఈ దేశంలో 1979లోనే చట్టం వచ్చింది. ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎంత కూలి ఇస్తున్నారో రాసి ఉంచాలని ఆ చట్టం చెప్పింది. అది ఎక్కడ అమలయిందో మీ చుట్టుపక్కల చూసి మీరే చెప్పండి.

చదివేవాళ్ళలో పొలం ఉన్న రైతులు, కట్టుబడి చేయించే కంట్రాక్టర్లు, రొయ్యల గుంటల యజమానులు ఉన్నారు. వాళ్ళకి నా మనవి. రేపు మీ దగ్గర పనికి దిగే జట్టులో ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు ఒక పుస్తకంలో రాయండి. కూలి మేస్త్రీ చేతిలో పోయకుండా ఎవరి కూలి వాళ్ళ చేతికి ఇవ్వండి. మన ఊరి కూలీలని పని నుంచి తీసేయాల్సి వస్తే వాళ్ళ ముఖం చూసి, ముందు రోజే, కారణంతో సహా చెప్పండి. ఇంట్లో రంగం కాగితాలు, మనియార్డరు రసీదులు, పాత ఫొటోలు ఉన్న ఉత్తరాంధ్ర కుటుంబాలకి ఇంకో మనవి. వాటిని పారేయకండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్ర శాఖకో, మీ జిల్లా గ్రంథాలయానికో ఒక నకలు ఇవ్వండి. సర్కారు లెక్కలో 120 అనే అంకె మాత్రమే మిగిలింది, పేర్లు మీ ఇళ్ళలోనే ఉన్నాయి.